ఊడదీసిన బోల్టును చూసి కొత్తది ఎంచుకోవద్దు: విమాన మరమ్మతులో తప్పు దొర్లే చోట్లు

విమానం నుంచి ఊడదీసిన బోల్టు సరైనదేనని నమ్మకండి. దాన్ని బిగించినవాడూ మనలాంటి టెక్నీషియనే. పని మొదలుపెట్టే ముందే విడిభాగాల కేటలాగ్ తెరిచి, ఆ విమానానికి వర్తించే పార్ట్ నంబరు రాసుకోండి. స్టోరు నుంచి వచ్చిన సంచి మీది నంబరును దానితో పోల్చి చూడండి. చేతిలో పక్కపక్కన పెట్టుకుని పోల్చడం తనిఖీ కిందకు రాదు.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన సగం బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది పట్టుకుని ఉండటంతో బతికాడు. ఆ అద్దాన్ని అంతకు ముందురోజు తెల్లవారుజామున మార్చారు. వాడాల్సినవి 8డీ రకం బోల్టులు. పాత అద్దానికి ఉన్నవి కాస్త పొట్టివైన 7డీలు, అయినా అవి నిలబడ్డాయి. అందుకే స్టోరులో 8డీ వాడాలని చెప్పినా 7డీలే వెతికారు. అవి చాలకపోవడంతో మసక వెలుతురులో మరోచోట చూపుతో పోల్చి మిగతావి తీశారు. తీరా అవి 8సీలు. 90 బోల్టుల్లో 84 అవే, వ్యాసం 0.026 అంగుళం, అంటే 0.66 మిల్లీమీటరు తక్కువ. అంగుళానికి మరల సంఖ్య రెండింటికీ ఒకటే కావడంతో నట్టులో పట్టినట్టే అనిపిస్తాయి.

ఇలాంటి తప్పును చివరి క్షణంలోనైనా పట్టుకోవచ్చు. బిగించాక బోల్టు తలను ఎదురుగా నిలబడి చూడండి. చిన్న తలైతే గుంటలో మరీ లోపలికి దిగి, చుట్టూ ఖాళీ కనిపిస్తుంది. పక్కనుంచి చేయి చాచి బిగిస్తే అది కంటపడదు. టార్క్ స్క్రూడ్రైవర్ (సరిపడా బిగిసిందని చప్పుడుతో చెప్పే పనిముట్టు) టిక్కుమంది కదా అని తృప్తిపడకండి, మర జారినా అలాంటి చప్పుడే రావచ్చు.

షిఫ్టు మారేటప్పుడు ఇంకో రకం తప్పు దొర్లుతుంది. 1991 సెప్టెంబరు 11న టెక్సస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం కూలి 14 మంది చనిపోయారు. తోక రెక్క ఎడమవైపు ముందు అంచుకు పైన ఉండాల్సిన 47 స్క్రూలు లేవు. ముందు షిఫ్టులో తీశారు, తర్వాతి షిఫ్టుకు ఆ సంగతి తెలియలేదు. కాబట్టి స్క్రూ తీసిన వెంటనే, తర్వాతి పని ముట్టుకోకముందే రాయండి: “ఎడమ, పైన, 47 తీశాను. కిందివి ముట్టుకోలేదు.” “పని జరుగుతోంది” అని రాస్తే రాయనట్టే. స్క్రూల సంచిని ఆ భాగానికే కట్టండి. అప్పగింత ఆఫీసు గదిలో కాదు, విమానం దగ్గర నిలబడి చేయండి.

రెండు ఇంజిన్లకూ ఒకే పనిని ఒకే రాత్రి ఒకే మనిషి చేయకూడదు. 1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 విమానానికి మూడు ఇంజిన్లలోనూ చిప్ డిటెక్టర్లను (ఆయిల్‌లో లోహపు ముక్కలను పట్టే పరికరాలను) ఓ-రింగులు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు, లేకుండానే బిగించారు. మూడింటి నుంచీ ఆయిల్ కారిపోయింది. గాల్లో ఒక ఇంజిన్ తిరిగి స్టార్ట్ కావడంతో గట్టెక్కారు. వేర్వేరు మనుషులు చేయడం కుదరకపోతే వేరే వ్యక్తితో తనిఖీ చేయించి, ఇంజిన్ నడిపి లీకు చూడండి.

స్టాటిక్ పోర్టులకు (ఎత్తు, వేగం తెలిపే పరికరాలకు బయటి గాలి పీడనాన్ని అందించే రంధ్రాలకు) టేపు అంటించడం మానేసి, ఎర్ర రిబ్బను వేలాడే కవర్లు వాడి లెక్కపెట్టండి. 1996లో ఏరోపెరూ 603లో టేపు తీయడం మరిచిపోయారు, 70 మంది పోయారు.

నిర్మాణ మరమ్మతులో సీలెంట్ (సందులు మూసే పూత) పూయకముందే డ్రాయింగుతో పోల్చాలి. జపాన్ ఎయిర్‌లైన్స్ 123లో వెనుక ప్రెషర్ బల్క్‌హెడ్‌కు (క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే వెనుక గోడకు) 1978లో వేసిన స్ప్లైస్ ప్లేటు (అతుకు పలక) ఒకే ముక్కగా ఉండాల్సింది, రెండు ముక్కలుగా పెట్టారు. రెండు వరసల రివెట్లు మోయాల్సిన ఒత్తిడి ఒక్క వరస మీద పడింది. పూత కింద ఆ అతుకు కనపడదు. 1985లో బల్క్‌హెడ్ పగిలి 520 మంది చనిపోయారు.

ఇక కొలతలు. రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలొచ్చాయనుకోండి, మనకు అనుకూలమైనదాన్ని తీసుకోకూడదు. 1997లో ఒక ఎండీ-83 విమానం తోకలోని జాక్‌స్క్రూ (తోక రెక్కను పైకీ కిందికీ కదిపే పెద్ద మర) వదులు 0.040 అంగుళం వచ్చింది, అదే గరిష్ఠ పరిమితి. తర్వాతి షిఫ్టు మళ్లీ కొలిస్తే 0.033 వచ్చిందని నట్టు మార్చకుండానే పంపేశారు. అలాస్కా ఎయిర్‌లైన్స్ 261గా అది 2000 జనవరి 31న కూలింది, 88 మంది చనిపోయారు. గ్రీజు చాలక నట్టు మరలు అరిగిపోయాయని దర్యాప్తులో తేలింది. కొలతలు కలవకపోతే ముందు కొలిచే పరికరాన్ని పరీక్షించి, మరొకరితో మూడోసారి కొలిపించి, అన్ని అంకెలూ రికార్డులో ఉంచండి. గ్రీజును నట్టు పైనుంచి బయటికొచ్చేదాకా ఎక్కించి, స్క్రూకూ బ్రష్షుతో పూసి, ఈ కొస నుంచి ఆ కొసకు కొన్నిసార్లు నడపండి. ఆ తర్వాతే సంతకం.