రాత్రి ట్రెక్కింగ్‌కి హెడ్‌ల్యాంప్: పెట్టె మీది అంకెల్ని నమ్మే ముందు

అర్ధరాత్రి కిలిమంజారో శిఖరానికి బయలుదేరినా, తెల్లవారుజామున మూడింటికి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచులో అడుగుపెట్టినా, హెడ్‌ల్యాంప్ (నుదుటికి కట్టుకునే లైటు) విషయంలో తేల్చుకోవాల్సింది ఒకటే: తెల్లారేదాకా ఒకే తీరుగా వెలుగుతుందా? కొనేటప్పుడు మాత్రం అందరూ ల్యూమెన్లే (లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) చూస్తారు.

పేరున్న కంపెనీలు లైట్లను కొలవడానికి పాటించే ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణంలో ల్యూమెన్లు కొలిచేది లైటు వేశాక 30 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్యలో. రన్‌టైమ్ అంటే వెలుగు అందులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. కాబట్టి ‘400 ల్యూమెన్లు, 6 గంటలు’ అని రాసి ఉన్న లైటు ఆరో గంటకల్లా 40 ల్యూమెన్లకు దిగిపోవచ్చు. బీమ్ దూరం 100 మీటర్లు అంటే అంత దూరాన నిండు పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని అర్థం. రాతి అంచు తేటగా కనబడేది అందులో సగం దూరం లోపే.

అసలు సంగతి బ్యాటరీ చెబుతుంది. 1200 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే ఛార్జ్‌కి కొలత), 3.7 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 4.4 వాట్-అవర్ల శక్తి. నష్టాలు పోను వాట్‌కి 100 ల్యూమెన్ల చొప్పున వేసుకుంటే, 100 ల్యూమెన్లతో నాలుగు గంటల పైన, 400తో గంట. ఈ లెక్కకు ఏమాత్రం పొంతన లేని పెట్టెను పక్కన పెట్టేయండి. ఒక్క 18650 సెల్‌తో (ఇది ఒక లిథియం అయాన్ సెల్ సైజు పేరు) 9900 ఎంఏహెచ్ అని అమ్ముతుంటారు. ఆ సైజు మంచి సెల్‌లోనూ పట్టేది 3500 చుట్టుపక్కలే.

కాలిబాటకు 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. దారి వెతకడానికి, పైన రూట్ చూసుకోవడానికి 300 దాటిన స్పాట్ (ఒకేచోట దూరంగా పడే సన్నటి వెలుగు) ఉండాలి, అదీ కాసేపే. టెంట్‌లో 10 ల్యూమెన్లు ఎక్కువే. స్పెసిఫికేషన్లలో ‘రెగ్యులేటెడ్’ అని ఉందేమో చూడండి. అలాంటి లైటు చాలాసేపు ఒకే స్థాయిలో వెలిగి చివర్లో ఒక్కసారిగా తగ్గుతుంది. అందుకే దానికి ఛార్జ్ చూపే ఇండికేటర్ తప్పనిసరి. రెగ్యులేషన్ లేనిది మొదటి గంట నుంచే సన్నగిల్లుతూ పోతుంది. కళ్లు అలవాటు పడిపోతాయి కాబట్టి ఆ తగ్గుదల మనకు తెలియదు. అడుగు తప్పేది అప్పుడే.

చలిలో లిథియం అయాన్ బ్యాటరీ బాగా నీరసిస్తుంది. సున్నా కంటే కింద దాన్ని ఛార్జ్ చేస్తే శాశ్వతంగా పాడవుతుంది. మంచు కొండలకైతే ఛార్జింగ్ ప్యాక్‌తోనూ, మూడు సన్న పెన్సిల్ సెల్స్‌తోనూ (ఏఏఏ) పనిచేసే మోడల్ తీసుకోవడం మేలు. సెల్స్ ఆల్కలైన్ కాదు, ఛార్జ్ చేయని లిథియం రకం కొనండి, అవి మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి. కొన్ని లైట్లకు ఈ సెల్స్ పనికిరావు, మాన్యువల్ చూసుకోండి. రాత్రి లైటును స్లీపింగ్ బ్యాగ్ లోపలే ఉంచుకోండి.

నుదుటి మీది లైటుకు ఒక లోపం ఉంది. వెలుగు కంటి పక్కనుంచే పోవడంతో నీడలు కనబడవు, గుంత, మెట్టు అన్నీ చదునుగా తోస్తాయి. భువనగిరి గుట్ట లాంటి ఏకశిల మీద దిగేటప్పుడు ఇది ప్రమాదం. అలాంటి చోట లైటు తీసి నడుము దగ్గర పట్టుకుంటే నీడలు లేచి నేల తీరు తెలుస్తుంది. పొగమంచులోనూ ఇదే ఉపాయం, ఎందుకంటే నుదుటి వెలుగు తుంపర మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది.

లాక్ లేని లైటు కొనకండి. బ్యాగ్‌లో ఒత్తిడికి స్విచ్ నొక్కుకుపోయి, ట్రెక్ మొదలయ్యేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఎరుపు లైటు ఉంటే మంచిది: చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి మెరుపు దాన్ని చెడగొడుతుంది. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ రేటింగుల్లో వానకు ఐపీఎక్స్4 సరిపోతుంది. వాగులు దాటాల్సి ఉంటే ఐపీఎక్స్7. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగా పడకపోతే మాత్రం ఏ రేటింగూ కాపాడదు.

కొన్నాక ఇంట్లో ఇలా పరీక్షించండి:

1. హెల్మెట్ పెట్టుకుని, దాని మీద లైటు కట్టి తల గట్టిగా ఆడించండి. పట్టీ జారినా, లైటు దానంతటదే కిందికి వంగినా తిరిగిచ్చేయండి.
2. గ్లవ్స్ వేసుకుని, చూడకుండా మోడ్‌లు మార్చండి, లాక్ తీయండి.
3. ఫుల్ ఛార్జ్ చేసి, నడకకు వాడే మోడ్‌లో చీకటి గదిలో గోడకేసి వెలిగించండి. ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్ మార్చకుండా అరగంటకో ఫోటో తీయండి. ఎక్కడ పడిపోతుందో ఫోటోలే చూపిస్తాయి.

అదనపు సెల్స్‌తో పాటు చిన్న రెండో లైటు కూడా జేబులో ఉండాలి, చీకట్లో సెల్స్ మార్చాలన్నా వెలుగు కావాలి కదా. విమానంలో విడి లిథియం అయాన్ బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి. ఇంటికొచ్చాక ఆల్కలైన్ సెల్స్ తీసేయండి, లేకపోతే కారి లోపలి రేకులు తుప్పు పడతాయి. ఛార్జింగ్ బ్యాటరీనైతే సగం ఛార్జ్‌తో దాచండి.