హాల్లో కాన్సర్ట్ ఫిల్మ్, లైవ్ షో వేసేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

మామూలు సినిమాకి మార్నింగ్ షో ఆగిపోతే మాట్నీ ఉంటుంది, మాట్నీ పోతే ఫస్ట్ షో ఉంటుంది. జనం కాసేపు గోల చేసి, డబ్బులు వెనక్కి తీసుకుని మళ్లీ వస్తారు. కాన్సర్ట్ ఫిల్మ్‌కి తరచూ ఒకటి రెండు ఆటలే ఇస్తారు. లైవ్ అయితే ఉన్నది ఒక్కటే ఆట, అదీ అక్కడ జరుగుతున్నంత సేపే. అందుకే ఈ షోల్లో తేడా బయటపడేది ఆట టైముకే అయినా, దాని మూలం చాలాసార్లు వారం ముందు వచ్చిన మెయిల్లోనో ఎప్పుడో చేయించిన రిపేరులోనో ఉంటుంది. రాజాం, బొబ్బిలి, పలాస, టెక్కలి లాంటి ఊళ్లలో హాలు నడిపే మేనేజర్లు, ఆపరేటర్లు ఆ వరసలోనే వెతకడం మంచిది.

"ప్రపంచమంతా రిలీజైంది, మనకి కంటెంట్ ఇవ్వట్లేదు"

ఇక్కడ రెండు కారణాలు కలిసిపోతుంటాయి. మొదటిది హక్కులు. తెలుగు సినిమాని మనం ఉత్తరాంధ్ర ఏరియా డిస్ట్రిబ్యూటర్ దగ్గర అడుగుతాం. ఈవెంట్ సినిమా (కాన్సర్ట్ ఫిల్మ్, లైవ్ షో లాంటిది) ఈ ఏరియాల లెక్కలోకి రాదు. దాని హక్కులు దేశాలవారీగా ఉంటాయి, ఒక్కోసారి ఒకే కంపెనీ ప్రపంచమంతా చూసుకుంటుంది. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ ఫిల్మ్‌నే తీసుకోండి. అమెరికాలో దాన్ని పంచింది స్టూడియో కాదు, ఏఎమ్‌సీ అనే థియేటర్ల సంస్థ. అక్కడ 2023 అక్టోబర్ 13న వచ్చింది, ఇండియాలో నవంబర్ 3న. పోస్టర్ మీద 'వరల్డ్‌వైడ్' అని ఉన్నంత మాత్రాన మన తేదీ అదే అనుకోకూడదు. ఇండియా హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కుని నేరుగా వాళ్లకే రాయాలి.

రెండోది సర్వర్. మన దగ్గర చాలా సింగిల్ స్క్రీన్లలో ఉన్నది డీసీఐ (హాలీవుడ్ స్టూడియోలు పెట్టిన డిజిటల్ సినిమా ప్రమాణం) సర్వర్ కాదు, ఆ ప్రమాణం లేని ఈ-సినిమా సర్వర్. తెలుగు సినిమాకి దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ విదేశీ కాన్సర్ట్ ఫిల్మ్ మామూలుగా డీసీపీ (డిజిటల్ సినిమా ఫైళ్ల కట్ట) రూపంలోనే వస్తుంది, అది డీసీఐ సర్వర్‌లోనే ఆడుతుంది. బేరం మొదలుపెట్టేటప్పుడే సర్వర్ మోడల్, సీరియల్ నంబర్ పంపి "ఇందులో ఆడుతుందా?" అని అడగండి. టికెట్లు అమ్మాక అడిగితే లాభం లేదు.

సెన్సార్ సర్టిఫికెట్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. రికార్డు చేసిన కాన్సర్ట్ ఫిల్మ్ అయినా చట్టం దృష్టిలో సినిమానే. డిస్క్ చేతికొచ్చింది కదా అని సర్టిఫికెట్ లేకుండా ఆట వేయకండి.

"కీ లోడ్ అయింది, ఆట మొదలవ్వట్లేదు"

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. "కీ ఎక్కించాం సార్, అయినా తాళం గుర్తు పోలేదు. ఏటైందో తెలీట్లేదు" అంటారు. ఇందులో ఆపరేటర్ తప్పు దాదాపు ఉండదు.

డీసీపీ తాళం వేసి వస్తుంది. దాన్ని తెరిచే కేడీఎమ్ అనే చిన్న ఫైలు విడిగా మెయిల్లో వస్తుంది. మూడు సంగతులు అందులో ముందే ఖాయం చేసి ఉంటాయి: ఏ కంటెంట్, ఏ సర్వర్, ఏ టైము నుంచి ఏ టైము దాకా. మూడిట్లో ఏది కలవకపోయినా సర్వర్ కదలదు.

ముందు టైము చూడండి. కేడీఎమ్ మామూలు టెక్స్ట్ ఫైలే. ఆఫీసు కంప్యూటర్లో దాని కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. అసలు ఫైలుని మాత్రం ముట్టుకోవద్దు, అందులో ఒక్క అక్షరం మారినా అది చెల్లదు. లోపల 'నాట్ వాలిడ్ బిఫోర్', 'నాట్ వాలిడ్ ఆఫ్టర్' అని రెండు చోట్ల తేదీ, టైము కనిపిస్తాయి. టైము చివర +00:00 ఉంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. +05:30 ఉంటే అది మన టైమే. లాస్ ఏంజెలెస్‌లో కూర్చున్న మనిషి 'శుక్రవారం అర్ధరాత్రి నుంచి' అని తన లెక్కలో కీ తయారు చేశాడనుకోండి. అక్కడ ఎండాకాలపు టైము (గడియారం గంట ముందుకి జరిపిన టైము) నడుస్తుంటే, ఆ కీ మన దగ్గర తెరుచుకునేది శుక్రవారం మధ్యాహ్నం 12:30కి. 11 గంటల మార్నింగ్ షో పోయినట్టే. అదే లండన్ అర్ధరాత్రి అయితే మనకి తెల్లవారుజాము 4:30 లేదా 5:30, ఏ గొడవా ఉండదు. అంటే కీ బాగానే ఉంది, తెరుచుకునే వేళే మనది కాదు. మేనేజర్ ఆ లైన్ ఫొటో తీసి, "మా మొదటి ఆట ఇండియా టైము 11 గంటలకి, ముందు రోజు సాయంత్రం నుంచి తెరుచుకునేలా కొత్త కీ పంపండి" అని రాస్తే పని అవుతుంది. "కీ పని చేయట్లేదు" అని మాత్రమే రాస్తే వాళ్లు అదే కీని మళ్లీ పంపుతారు.

టైము సరిగ్గా ఉంటే తర్వాత సర్వర్ చూడాలి. కీ తయారయ్యేది సర్వర్ లోపల తాళం విప్పే మీడియా బ్లాక్ అనే కార్డు సర్టిఫికెట్‌కి, అంటే దాని డిజిటల్ గుర్తింపు ఫైలుకి. అది చెడిపోయి మార్చినా, దాని బ్యాటరీ అయిపోయి సర్టిఫికెట్ పోయినా, పాత వివరాలతో వచ్చిన కీ పనికిరాదు. గేటుకి తాళం మార్చాక పాత తాళంచెవి తిప్పినట్టే. రిపేరు చేసిన ఇంజనీరు వెళ్లేలోపే కొత్త సర్టిఫికెట్ ఫైలు తీయించుకుని, కీలు పంపే వాళ్లందరికీ మెయిల్ చేయండి. తెలుగు సినిమా కీ సక్రమంగా వస్తోంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఇక్కడి కంపెనీ రికార్డు మార్చుకుని ఉండొచ్చు, విదేశీ కంపెనీ దగ్గర ఇంకా పాతదే ఉండొచ్చు.

మూడోది కంటెంట్ వెర్షన్. సబ్‌టైటిల్స్ కోసమో సెన్సార్ కట్ కోసమో రెండో డిస్క్ వస్తే కీ ఆ కొత్త వెర్షన్‌కే ఉంటుంది. ప్లేలిస్ట్‌లో పాతది పెట్టి ఉంటే ఎన్నిసార్లు నొక్కినా రాదు. కీలో ఉన్న సీపీఎల్ నంబర్ (ఏ వెర్షనో చెప్పే గుర్తింపు నంబర్) చివరి అక్షరాలు, సర్వర్‌లో ఉన్న కంటెంట్ నంబర్ చివరి అక్షరాలు పక్కపక్కన పెట్టి చూడండి.

సర్వర్ గడియారం వెనకబడటం అరుదే, కానీ చూడాలి. దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పుకోనివ్వరు. డీసీఐ నియమం ప్రకారం ఏడాదికి ఆరు నిమిషాలకు మించి సరిచేసే వీల్లేదు. అంతకంటే తేడా ఉంటే సర్వీసు వాళ్లనే పిలవాలి.

ఏమైనా, కీ చేతికొచ్చిన రాత్రే సెకండ్ షో అయ్యాక మొదటి ఐదు నిమిషాలు, మధ్యలో కాస్త, చివర కాస్త వేసి చూడండి.

డిస్క్ కనిపించట్లేదు

డీసీపీ డిస్క్ చాలావరకు లినక్స్ ఫార్మాట్‌లో వస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌కి పెడితే 'ఫార్మాట్ చేయమంటారా?' అని అడుగుతుంది. 'నో' నొక్కి తీసేయండి, నేరుగా సర్వర్‌కే పెట్టండి. సర్వర్‌లో ఖాళీ ఎంతుందో ముందే చూసుకోండి. ఒక పెద్ద కాన్సర్ట్ ఫిల్మ్ 200 జీబీ ఉంటే, పాత యూఎస్‌బీ పోర్టులో ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది. విశాఖ నుంచి బస్సులో పార్సిల్ మధ్యాహ్నం దిగితే ఫస్ట్ షోకి అందుకోవచ్చు, మాట్నీకి మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

లైవ్ గంట ముందే అయిపోయింది, లేదా గంట ఆలస్యంగా మొదలైంది

మన గడియారం ఏడాదంతా ఒకటే. అమెరికా, యూరప్ వాళ్లు ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు, ఆ జరిపే తేదీలు కూడా రెండు చోట్లా ఒకటి కావు. మార్చి, అక్టోబర్, నవంబర్ నెలల్లో లైవ్ ఉంటే పోయిన నెల లెక్క వాడకండి. ఆ తేదీకి మళ్లీ లెక్కేయాలి.

అసలు ఏ ఊరి లైవ్ మనకి పనికొస్తుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా 2006 డిసెంబర్ 30 నుంచి హాళ్లకి లైవ్ ఇస్తోంది. అక్కడ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకి రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. లండన్‌లో రాత్రి ఏడున్నర అంటే మనకి అర్ధరాత్రి లేదా ఒంటిగంట. ఆ వేళకి ఆట వేయాలంటే అనుమతి తెచ్చుకోవాలి, అది వచ్చినా విజయనగరంలో ఎవరొస్తారు? ఇలాంటి వాటికి లైవ్ వదిలేసి, తర్వాత ఇచ్చే రికార్డెడ్ ఆట అడగడమే తెలివైన పని. సియోల్ సంగతి వేరు. అక్కడ సాయంత్రం ఆరు అంటే మనకి మధ్యాహ్నం రెండున్నర, సరిగ్గా మాట్నీ టైము. 2022 మార్చి 12న బీటీఎస్ సియోల్ కాన్సర్ట్‌ని 75 దేశాలు, ప్రాంతాల్లోని హాళ్లలో చూపించారు. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్లో కొరియన్ పాటల పిచ్చి తక్కువేం లేదు. నన్నడిగితే మన జిల్లాల్లో ఒపెరా కంటే దీనికే సీట్లు నిండుతాయి.

బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది

లైవ్ మామూలుగా శాటిలైట్ నుంచి డిష్, రిసీవర్ గుండా వస్తుంది. రిసీవర్‌లో 'స్ట్రెంగ్త్' బాగుందని మోసపోకండి, చూడాల్సింది 'క్వాలిటీ'. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ పడిపోతే డిష్ కాస్త పక్కకి తిరిగి ఉండొచ్చు, ఎల్‌ఎన్‌బీలో (డిష్ ముందుండే, సిగ్నల్ పట్టే పరికరంలో) నీళ్లు చేరి ఉండొచ్చు, లేదా కనెక్టర్ తుప్పు పట్టి ఉండొచ్చు. సోంపేట, కవిటి వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు త్వరగా పాడవుతాయి. ఊడదీసి, వైరు కొస కోసి, కొత్తది బిగించి, టేపు చుట్టాలి. ఉద్దానంలో ఇంకో చిక్కు ఉంది. డిష్ నేల మీద ఉంటే, బిగించిన రోజు లేని కొబ్బరి మట్ట ఇప్పుడు అడ్డొచ్చి ఉండొచ్చు. గాలి వీచినప్పుడల్లా బొమ్మ పోయి వస్తుంటే ముందు చెట్టు వైపు చూడండి.

వానకి కేయూ బ్యాండ్ శాటిలైట్ సిగ్నల్ పడిపోవడం మాత్రం మన చేతుల్లో లేదు. అక్టోబర్ మనకి తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. ఆ నెలలో లైవ్ ఒప్పుకుంటే ఇంటర్నెట్ లైన్ మీద రెండో దారి ఉండాల్సిందే. అది శాటిలైట్ కంటే కాస్త వెనకగా నడుస్తుంది. మారినప్పుడు చూసిన బొమ్మే మళ్లీ వస్తుందని గేటు దగ్గరి కుర్రాడికి కూడా చెప్పి ఉంచండి.

ఆకాశంలో మబ్బు లేదు, పట్టపగలు, అయినా కొన్ని నిమిషాలు సిగ్నల్ లేదంటే సూర్యుడు శాటిలైట్ వెనక్కి వచ్చి ఉండొచ్చు. మార్చి రెండో వారం, అక్టోబర్ మొదటి వారం చుట్టుపక్కల ఇది మామూలే. డిష్‌ని కదిపారంటే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే, ఆగితే అదే వస్తుంది. సాయంత్రం ఆటలకి ఈ భయం లేదు.

పెదవులు ఒకలా, మాట ఒకలా

డీసీపీలో ఇది అరుదు. లైవ్‌లో మాత్రం తరచూ వస్తుంది, ఎందుకంటే రిసీవర్ నుంచి బొమ్మ స్కేలర్ (బొమ్మ సైజు మార్చే పెట్టె) గుండా ప్రొజెక్టర్‌కి పోతుంది, సౌండ్ నేరుగా ప్రాసెసర్‌కి పోతుంది. స్కేలర్ దగ్గర బొమ్మ ఆలస్యమై, మాట ముందు వినిపిస్తుంది. సౌండ్ ప్రాసెసర్‌లో ఆ ఇన్‌పుట్‌కి డిలే పెంచాలి. టెస్ట్ సిగ్నల్ వచ్చినప్పుడు ఎవరో ఒకరు మాట్లాడే షాట్ చూసి, 40 మిల్లీసెకన్ల చొప్పున, అంటే ఒక్కో ఫ్రేమ్ చొప్పున పెంచుతూ పోండి. ఈ పని క్యాబిన్‌లో కూర్చుని చేయకూడదు. ధ్వని సెకనుకి 340 మీటర్లే పోతుంది కాబట్టి, తెరకి 20 మీటర్ల దూరంలో ఉన్న వరసకి మాట 60 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. హాల్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చి కూర్చుని, అక్కడికి సరిపోయేలా పెట్టండి.

సౌండ్ బదులు బుస్సుమని పెద్ద రొద వస్తే వెంటనే ఫేడర్ తగ్గించండి. రిసీవర్ 5.1 (ఆరు చానళ్ల సౌండ్) పంపుతోంది, ప్రాసెసర్ దాన్ని మామూలు స్టీరియో అనుకుంటోంది. రెండింట్లో ఒకదాని సెట్టింగ్ మార్చాలి.

తెర నల్లగా ఉంది, రిసీవర్‌లో మాత్రం బొమ్మ ఉంది

క్యాబిన్‌లోని చిన్న టీవీకి వచ్చి ప్రొజెక్టర్‌కి రాకపోతే అది కాపీ రక్షణ గొడవ, లేదా పొడుగాటి హెచ్‌డీఎమ్‌ఐ వైరు గొడవ. చిన్న వైరుతో నేరుగా పెట్టి చూడండి. అప్పుడు వస్తే తప్పు వైరుదే. అప్పుడూ రాకపోతే, ఆ ప్రొజెక్టర్ ఇన్‌పుట్ ఆ రక్షణని ఒప్పుకుంటుందో లేదో లైవ్ ఇచ్చే కంపెనీనే అడగాలి. బొమ్మకి రెండు పక్కలా సన్నటి నల్ల పట్టీలుంటే అది తప్పు కాదు. టీవీ బొమ్మ ఫ్లాట్ (సినిమాస్కోప్ కాని) తెర కంటే కాస్త ఇరుకు. జూమ్ చేసి నింపబోతే పైనున్న స్కోరో కిందున్న సబ్‌టైటిలో తెగిపోతుంది.

కరెంటు

ఆ రోజు ఎల్‌సీ (లైన్ పని కోసం కరెంటు ఆపడం) ఏమైనా ఉందా అని ముందు రోజే సబ్‌స్టేషన్‌లో అడగండి. సర్వర్, రిసీవర్, సౌండ్ ప్రాసెసర్ యూపీఎస్ మీద ఉండాలి. జెనాన్ ల్యాంప్ ఒకసారి ఆరితే వెంటనే వెలిగించకూడదు, చల్లారనివ్వాలి. లైవ్‌లో ఆ నిమిషాలు పోయినట్టే. గాలివాన సూచన ఉంటే ఆట మొదలయ్యే ముందే జనరేటర్ మీదకి మారిపోవడం నయం. డీజిల్ ఖర్చు వాపసిచ్చే టికెట్ల కంటే తక్కువే.

ఆట అయిన వారానికి పైరసీ నోటీసు

కాన్సర్ట్ ఫిల్మ్‌కి వచ్చేవాళ్లు లేచి ఆడతారు, పాడతారు, ఫోన్లు పైకెత్తుతారు. ఆటపాట వరకు ఆపక్కర్లేదు, అదే ఆ షో సరదా. అయితే డీసీఐ సర్వర్ బొమ్మలో, ధ్వనిలో కనిపించని గుర్తు వేస్తుంది. ఎక్కడో బయటపడ్డ వీడియోని బట్టి అది ఏ సర్వర్‌లో, ఏ టైముకి ఆడిందో చెప్పేస్తారు. ఫోన్ల విషయంలో కంపెనీ ఏం ఒప్పుకుంటుందో ముందే మెయిల్లో రాయించుకుని, గేటు దగ్గర అదే బోర్డు పెట్టండి.

మన కచేరీ బయటి హాళ్లకి పంపితే శ్రుతి తగ్గింది

ఇది తిరుగు దారిలో వచ్చే సమస్య. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న ఊరు మనది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు నడిపిన కళాశాల అది. అలాంటి ఊళ్లో తీసిన కచేరీని డీసీపీ చేసి బయటి హాళ్లకి పంపాలని ఎవరైనా అనుకోవచ్చు. వీడియో కెమెరాలతో తీసింది మామూలుగా సెకనుకి 25 ఫ్రేములు, సినిమా నడిచేది 24. ల్యాబ్‌లో తేలిక దారి పట్టి వీడియోని, ధ్వనిని కలిపి నెమ్మది చేస్తే పాట నాలుగు శాతం సాగుతుంది, శ్రుతి అరమెట్టులో ముప్పాతిక దాకా దిగుతుంది. రెండు శ్రుతిలో పాడింది ఒకటిన్నరకి దగ్గరగా వినిపిస్తుంది. మామూలు ప్రేక్షకుడు పట్టుకోకపోవచ్చు, కానీ కచేరీ చేసిన విద్వాంసుడు మొదటి ఆలాపనలోనే పట్టుకుంటాడు. పరిష్కారం రెండు రకాలు: మొదటి నుంచే 24లో తీయడం, లేదా 25లోనే డీసీపీ చేయించడం. రెండోదానికి ఎస్‌ఎమ్‌పీటీఈ అనే కొత్త ప్రమాణం రకం డీసీపీ కావాలి, కొన్ని పాత సర్వర్లు దాన్ని తీసుకోవు. అప్పటికే 25లో తీసేసి ఉంటే, శ్రుతి మారకుండా వేగం మాత్రమే మార్చమని ల్యాబ్‌కి రాతలో ఇచ్చి, తంబూరా ఒక్కటే వినిపించే చోట అసలు రికార్డింగ్‌తో పోల్చి చూశాకే డిస్క్ తీసుకోండి.