చెక్క పనిముట్లు చేసుకుందాం – 4: పంగలకర్ర

కిందటి భాగంలో కర్రలో నార ఎటు సాగుతుందో చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఆ చూపుతోనే పంగలకర్ర, అంటే చివర రెండు మొనలుగా చీలిన పొడవాటి కర్ర, చేద్దాం. కళ్ళంలో గడ్డి తిరగేయడానికి, నూర్చిన గడ్డిని విదిల్చి గింజ రాల్చడానికి ఇదే ఆధారం.

పంగ చెట్టుకే పుట్టి ఉండాలి. రెండు పుల్లలు చెక్కి కామకు (చేత్తో పట్టుకునే పొడుగు కర్రకు) బిగిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ బరువు పడేసరికి అతుకు దగ్గర ఊగిసలాడుతుంది. చెట్టుకే పుట్టిన పంగలో నార కామలోంచి రెండు కొమ్మల్లోకీ తెగకుండా పోతుంది. ఫ్రాన్స్‌లోని సోవ్ ఊళ్ళో చెట్టు పెరిగేటప్పుడే కొమ్మలు కత్తిరిస్తూ మూడు మొనల పంగలు తయారుచేస్తారు. మనకంత ఓపిక అక్కర్లేదు, వెతికే కన్ను చాలు.

కొమ్మ నరికే ముందు పంగ సందులోకి తొంగి చూడండి. బెరడు లోపలికి మడతపడి సన్నటి గీతలా దిగిపోయి ఉంటే అక్కడ రెండు కొమ్మలూ సరిగ్గా అతుక్కోలేదన్నమాట. ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. సందు కాస్త గుండ్రంగా, బెరడు బయటికి ఉబ్బి గట్టులా కనిపిస్తే అది పనికొచ్చే పంగ. రెండు మొనలూ ఇంచుమించు ఒకే లావు ఉండాలి. కామ నిలబెడితే మీ భుజం దాకా వస్తే చాలు.

నరికిన రోజే బెరడు ఒలిచేయండి. ఆలస్యమైతే కింద పురుగు చేరుతుంది. కర్ర పచ్చిగా ఉండగానే మొనల మధ్య అడ్డుపుల్ల పెట్టి, మొనలు కొద్దిగా పైకి వంగేలా తాడుతో లాగి కట్టండి. కోసిన చివరలకు మైనం పూయండి, చీలికలు అక్కణ్నుంచే మొదలవుతాయి. తర్వాత నీడలో ఆరబెట్టడమే. ఎండలో పెట్టొద్దు.

ఆరాక మొనల కొసలు గుండ్రంగా చెక్కండి. పదునుగా ఉంటే నేలలో గుచ్చుకుంటాయి. వార్నిష్ నాకు నచ్చదు, చేతిలో జారుతుంది. అవిసె నూనె పల్చగా రెండు పూతలు పూసి తుడిస్తే సరి. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి, వేడెక్కి దానంతటదే అంటుకోవచ్చు. బయట విప్పి ఆరేయండి.

ఈ వారం పని: పంగ వెతికి, ఒలిచి, కట్టి, తూకం వేసి బరువు ఒక చీటీ మీద రాయండి. వారం వారం తూయండి. బరువు తగ్గడం ఆగితే కర్ర ఆరినట్టు, అప్పటిదాకా నూనె పూయొద్దు.