పంపు కొడితే తగ్గుతుంది, తెల్లారేసరికి మళ్లీ ఆయాసం: ఎందుకు?

సమస్య: ఆస్తమాకి వాడే నీలం పంపు (ఇన్‌హేలర్) కొట్టిన కాసేపటికే ఊపిరి ఆడుతుంది. తెల్లవారుజామున మళ్లీ పిల్లికూతలు. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ మధ్య బతికిన మా అమ్మది ఏళ్ల తరబడి ఇదే బాధ. డాక్టర్ రెండో పంపు రాస్తే నాలుగు రోజులు వాడి పక్కన పెట్టేసింది. "దీంతో ఏం తెలీట్లేదు కదరా, నీలందే నయం" అంది.

కారణం: నీలం పంపులోని సాల్బుటమాల్ శ్వాసనాళం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ వాపును పెంచేది కణాలు వదిలే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలిచి తెచ్చేవి అవే.

రెండో పంపులోని బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ కణం పొర దాటి లోపలికి పోతుంది. అక్కడ తనను అందుకునే ప్రోటీన్‌కి (రిసెప్టర్) అతుక్కుని, దాంతో కలిసి కేంద్రకంలోకి వెళ్లి, సైటోకైన్లు తయారుచేయించే జన్యువులను అణచివేస్తుంది. పిలుపు ఆగితే కొత్త ఇయోసినోఫిల్స్ రావడం తగ్గుతుంది, ఉన్నవి త్వరగా చచ్చిపోతాయి. ఇదంతా గంటలో అయ్యే పని కాదు. తేడా తెలియడానికి రోజులు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. అమ్మ నాలుగో రోజునే ఆపేసింది, నాకు ఇప్పటికీ బాధే.

పరిష్కారం: రెండో పంపు డాక్టర్ చెప్పిన మోతాదులో, ఆయాసం లేని రోజు కూడా వాడాలి. నీలం పంపు వారంలో రెండు రోజులకు మించి అవసరమైతే వాపు అదుపులో లేనట్టే, చూపించుకోవాలి. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పెద్దలు సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దనే అంటున్నాయి.

సమస్య: రోజూ వాడుతున్నా గుణం లేదు.

కారణం: చాలామంది విషయంలో పంపు కొట్టే పద్ధతిలోనే తప్పు ఉంటుంది, మందు గొంతులోనే ఆగిపోతుంది. మరొకటి పొగ. చుట్టగానీ, మన తీరం ఊళ్లలో పెద్దాళ్లు తాగే అడ్డపొగగానీ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) ఉంటే స్టెరాయిడ్ అంతగా పనిచేయదు.

పరిష్కారం: స్పేసర్ (పంపుకి తగిలించే గొట్టం) పెట్టుకుని నెమ్మదిగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. చుట్ట మానాల్సిందే.

మాట పూర్తిగా అనలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, నీలం పంపు కొట్టినా తగ్గకపోయినా ఇంట్లో కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.