తిరుపతిలో పిల్లలతో ఒక రోజు: జూపార్కు, కపిలతీర్థం ఎలా చూసి రావాలి?

జూ, చంద్రగిరి కోట, తలకోన అన్నీ ఒక్కరోజులో చుట్టేయాలని చూస్తే మధ్యాహ్నానికే పిల్లలు సోలిపోతారు. తలకోన ఒక్కదానికే 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఉదయం ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక చిన్న చోటు చాలు.

1. రోజు ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చంటిపిల్లలతో వద్దు. మంగళవారం జూకు సెలవు. కార్తీక సోమవారాల్లో శివాలయమైన కపిలతీర్థం కిటకిటలాడుతుంది కాబట్టి ఆ రోజులూ వదిలేయండి.

2. క్యారియర్ కట్టండి

నలుగురికి రెండు గ్లాసుల బియ్యంతో చిత్రాన్నం, ఒక గ్లాసు బియ్యంతో పెరుగన్నం సరిపోతాయి. చిత్రాన్నానికి అన్నం పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరనివ్వండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై దిగి, అన్నం మధ్యాహ్నానికి పాడవుతుంది. మూడు నిమ్మకాయల రసం పొయ్యి మీంచి దించాకే కలపాలి, పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది.

పెరుగన్నంలో పెరుగు ఎక్కువ వేయడమే అందరూ చేసే పొరపాటు, ఎండకు అది పుల్లగా అయిపోతుంది. మెత్తగా వండిన అన్నాన్ని మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మూడు గ్లాసుల కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. పొద్దున ఆరింటికి కలిపితే పన్నెండుకల్లా కమ్మగా తోడుకుంటుంది. మనిషికి లీటరున్నర నీళ్లు స్టీలు సీసాల్లో పట్టుకెళ్లండి.

3. జూలో వెనక నుంచి ముందుకు

శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలను 1987లో ప్రారంభించారు. విస్తీర్ణం 5,532 ఎకరాలు. ఒక ఎన్‌క్లోజర్ నుంచి ఇంకో దానికి నడక చాలా ఎక్కువ. గేటు తీసే వేళకే చేరి, నడవలేని పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే బ్యాటరీ బండి సంగతి మొదటే కనుక్కోండి. ముందు దూరంగా ఉన్న వాటి దగ్గరికి వెళ్లి, చూసుకుంటూ గేటు వైపు తిరిగి రండి. అలసట వచ్చేసరికి బయటికి దారి దగ్గర్లోనే ఉంటుంది.

పులి, సింహం ఎండెక్కితే నీడలో పడుకుంటాయి. వాటిని పొద్దున్నే చూసేసి, పక్షులను తర్వాతకు ఉంచండి. కేకలు వేస్తే జంతువు ఇంకా లోపలికి పోతుంది. కదలకుండా పది నిమిషాలు నిలబడితే అదే బయటికి వస్తుంది, పిల్లలకు ఈ ఓపిక నేర్పడం ఎంతో అవసరం.

దారి పక్కన ఎర్రచందనం చెట్టు కనిపిస్తే తప్పకుండా ఆగండి. ఇది మన శేషాచలం వైపు అడవుల్లో తప్ప సహజంగా పెరగడం అరుదు. బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. పిల్లల చేత తడిమించండి. కింద రాలిన కాయ గుండ్రంగా, పల్చగా బిళ్లలా ఉండి, మధ్యలో గింజ ఉబ్బుగా తగులుతుంది. చుట్టూ ఉన్న రెక్క వల్ల అది గాలికి ఎగిరి దూరంగా పడుతుంది. చూపించి అక్కడే వదిలేయండి.

4. కోతుల విషయం

కొండ దగ్గర కోతులు ఎక్కువ. కవరు చప్పుడు వింటే తిండే అనుకుంటాయి. జిప్పున్న గుడ్డసంచి వాడండి, పిల్లల చేతికి అరటిపండు ఇవ్వొద్దు. లాక్కుంటే వదిలేయండి, పెనుగులాడితే కరుస్తుంది. జూలో ఎక్కడ తినొచ్చో గేటు దగ్గరే అడిగి, అక్కడే క్యారియర్ విప్పండి.

5. మధ్యాహ్నం నీడపట్టున

పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో తిరగొద్దు. చిన్నపిల్లలైతే ఇంటికెళ్లి పడుకోబెట్టండి. పెద్దపిల్లలకు అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం బాగుంటుంది.

6. సాయంత్రం కపిలతీర్థం

నాలుగున్నరకు చేరండి. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక కొండ మీంచి పుష్కరిణిలోకి నీళ్లు దూకుతాయి, ఎండాకాలంలో ధార సన్నబడుతుంది. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్లొద్దు, పైన కురిసిన వానకు ఉన్నట్టుండి ఉధృతి పెరుగుతుంది. మెట్లకు పాచి పడుతుంది. జారేది ఎక్కువగా దిగేటప్పుడే కాబట్టి పిల్లల కంటే ఒక మెట్టు కింద పెద్దవాళ్లు నిలబడి, చెయ్యి పట్టుకుని దించండి. మార్చుకోవడానికి ఒక జత బట్టలు, తడివాటికి వేరే సంచి పొద్దున్నే సర్దుకోండి.