ఇంజన్ మార్చిన కారుకు పవర్ పెంచే ముందు చూసుకోవలసినవి

చెన్నైలో కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) ఇంజన్‌కు పెద్ద పరీక్ష. కారులో పెద్ద ఇంజన్ వేయించి, ఇప్పుడు పవర్ పెంచే టర్బో (ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం), క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) అంటూ ఖర్చు లెక్కలు వేసుకుంటున్నవారు ముందు వీటిని చూడండి.

ఆర్‌సీ: అన్నింటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మారిన ఇంజన్ నంబరుకు ఆర్‌టీఓ ఆమోదం లేకపోతే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ క్లెయిమ్ నిరాకరించవచ్చు. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. ఇది తేలేదాకా ఒక్క భాగం కూడా కొనకండి.

రేడియేటర్: కారుతో వచ్చినది పాత చిన్న ఇంజన్ కోసం చేసినది. మధ్యాహ్నం ఏసీ వేసి, కారు కదలకుండా ఇంజన్‌ను అరగంట ఐడిలింగ్‌లో ఉంచండి. ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకుతూ పోతే మీకు కావలసింది టర్బో కాదు, పెద్ద రేడియేటర్, దాని వెడల్పంతా గాలి లాగే ఫ్యాను.

బ్రేకులు: వేగం గంటకు 80 నుంచి 100 కి.మీ.కు పెరిగితే అవి ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పశువులు అడ్డొస్తే ఈ లెక్కే ప్రాణం కాపాడుతుంది. టైర్లూ ఆ వేగానికి తగినవే ఉండాలి.

క్లచ్, గేర్‌బాక్స్: ఎంత టార్క్ (ఇంజన్ తిప్పే బలం) తట్టుకోగలవో ముందే తెలుసుకోండి.

పెట్రోలు: పాత ఇంజన్ రబ్బరు గొట్టాలను ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పాడుచేయవచ్చు. ముందు అవి మార్చండి. రోజూ పోయించే పెట్రోలుతోనే ట్యూనింగ్ చేయించండి. ఆక్టేన్ (పెట్రోలు అదుపు తప్పి మండకుండా తట్టుకునే గుణం) తగ్గితే నాకింగ్, అంటే ఆ అదుపు తప్పిన మంట, పిస్టన్లను దెబ్బతీస్తుంది.

గాలి ఫిల్టర్: బంపర్ కింద పెట్టించకండి. చెన్నైలోని వేళచ్చేరి లాంటి చోట రోడ్డు మీద నిలిచిన వాన నీరు లోపలికి వెళ్తే కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లను తిప్పుడు కడ్డీకి కలిపేవి) వంగిపోవచ్చు.