డెత్ మెటల్ బాస్ గిటార్ పాఠాలు - 4వ భాగం: మూడో వేలు

డెత్ మెటల్ అంటే చాలా వేగంగా, కరుకుగా సాగే రాక్ సంగీతం. పోయిన భాగంలో చూపుడు వేలు, మధ్యవేలు మార్చి మార్చి వాయిస్తూ బీట్‌కి నాలుగు నోట్లు పలికించడం నేర్చుకున్నాం. 200 బీపీఎం (నిమిషానికి 200 బీట్లు) పాటలో అంటే సెకనుకు పదమూడుకు పైనే నోట్లు. రెండు వేళ్లతో ఎంతసేపు లాగగలరు? అర నిమిషానికే ముంజేయి బిగుసుకుపోతుంది. అందుకే ఈ వారం ఉంగరపు వేలిని కూడా పనిలోకి దింపుదాం. కానిబల్ కార్ప్స్ బాసిస్ట్ అలెక్స్ వెబ్‌స్టర్, ‘డెత్’ అనే బ్యాండ్‌తో వాయించిన స్టీవ్ డి జార్జియో ఇద్దరిదీ మూడు వేళ్ల పద్ధతే.

వరుస ఇది: ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడు వేలు, మళ్లీ ఉంగరపు వేలు. ముందు చేతిని సరిచూసుకోండి. మధ్యవేలు పొడుగు కాబట్టి అది తీగలోకి లోతుగా దిగి ఎక్కువ మోగుతుంది. బొటనవేలిని పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతాల పెట్టె) మీద ఆనించి, మూడు వేలికొసలూ తీగ మీద ఒకే గీతలో పడేదాకా మణికట్టును కాస్త వాల్చండి. మధ్యవేలు కొద్దిగా వంగే ఉండాలి. ఎడమచేత్తో తీగను తేలిగ్గా తాకి మ్యూట్ చేసి, ముందు టకటక చప్పుడు మాత్రమే వినండి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. వేళ్లు మూడు, బీట్‌కి నోట్లు నాలుగు. మొదటి బీట్ ఉంగరపు వేలితో మొదలైతే రెండోది మధ్యవేలితో, మూడోది చూపుడు వేలితో మొదలవుతుంది. పన్నెండు నోట్లు అయ్యాకే బీట్ మొదట్లోకి ఉంగరపు వేలు తిరిగి వస్తుంది. వేళ్లు ‘తకిట తకిట’ అంటూ పోతుంటే నోటితో ‘తకధిమి తకధిమి’ అనండి, ప్రతి ‘త’ దగ్గర గట్టిగా కొట్టండి. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ తాళం వేసే సాధనం) 60 దగ్గర పెట్టండి. తొందరపడొద్దు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఏ నోట్ ఏ వేలిదో చెవికి తెలియకూడదు. తెలియడం ఆగాకే 5 పెంచండి.

ఇంత కష్టం వేగం కోసమేనా అంటే, నా దృష్టిలో కాదు. డెత్ మెటల్‌లో గిటార్లు శ్రుతి తగ్గించుకుని, డిస్టార్షన్‌తో (శబ్దాన్ని కరుకుగా మార్చే ఎఫెక్ట్) బాస్ చోటులోకే దిగి వస్తాయి. కింద రెండు పాదాలతో వాయించే డబుల్ కిక్ డ్రమ్ ఉండనే ఉంది. బాస్‌లో మందంగా ఉండే, కింది స్థాయి ఇ (E) తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. 200 బీపీఎంలో ఒక్కో నోట్‌కి దక్కేది 75 మిల్లీసెకన్లు, అంటే తీగ మూడు సార్లు ఊగేసరికే తర్వాతి నోట్ వచ్చేస్తుంది. శ్రుతి నిలబడే వ్యవధే లేదు. ఇక చెవికి అందేది వేలి దెబ్బ స్పష్టతే. అది కూడా చాలనప్పుడు రిఫ్‌ను (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరుస) ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన వాయించండి, లేదా గిటార్లు పరుగెడుతుంటే మీరు నోట్లు తగ్గించి వేరే వరుస అల్లండి. మంచి బాసిస్ట్ పాటలో తన చోటు తానే వెతుక్కుంటాడు.

దీనికి డెత్ బ్యాండ్‌లో డి జార్జియో వాయించిన రెండు ఆల్బమ్‌లు తప్పకుండా వినండి. ‘హ్యూమన్’ (1991) అసలు మిక్స్‌లో బాస్ దాదాపు వినపడదు. 2011లో మళ్లీ చేసిన మిక్స్‌తో పోల్చి వింటే అంత పని అడుగున దాగుందా అని మనసు చివుక్కుమంటుంది. ‘ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్’ (1993)లో మాత్రం ఆయన ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బాస్, గిటార్ల పక్కన మరో గొంతులా పాడుతుంది. డెత్ లాగే అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన ఎథీస్ట్ బ్యాండ్‌లో రోజర్ ప్యాటర్సన్ ఇంకా దూకుడుగా వాయించాడు. 1991లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఏడాదే వచ్చిన ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’లో ఆయన కూర్చిన బాస్‌ను టోనీ చోయ్ వాయించాడు. ఆ బాస్ లైన్లు శ్రద్ధగా వినండి, మనకు ముందు ముందు పనికొస్తాయి.

ఈ వారం సాధన: రోజూ పావుగంట ఒకే తీగ మీద పన్నెండు నోట్ల చుట్టు. ముంజేయి నొప్పెడితే అక్కడే ఆపండి. వచ్చే భాగంలో ఇదే వరుసతో ఒక తీగ నుంచి ఇంకో తీగకు దాటడం చూద్దాం.